విసుర్రాయికి కక్కు ఎంత లోతు కొట్టాలి?

జొన్నలు విసిరే నల్లరాతి విసుర్రాయికి కక్కు (ఉలితో కొట్టే గంట్లు) అరిగిపోయింది. గింజ సరిగా నలగక అంచు నుంచి రవ్వలా జారుతోంది. ఆ పిండితో రొట్టె తడితే అంచులు పగులుతున్నాయి. జొన్నలు బాగా ఎండినవే, గుప్పెడు గుప్పెడే పోస్తున్నాం. నడిమి మేకుకు గుడ్డ చుట్టి బిగించాం, పై రాయి ఊగడం లేదు. కాబట్టి లోపం కక్కుదే.

రెండు రాళ్లకూ కొట్టాలా? గంట్ల మధ్య ఎడమెంత? గింజ ముందు విరిగి తర్వాత పిండి కావాలి కనుక నోటి దగ్గర లోతుగా, అంచున సన్నగా ఉండాలని నా అంచనా. మరీ లోతైతే పిండి గంట్లలోనే ఇరుక్కుంటుంది.

కొట్టాక రాతిపొడి పోవడానికి నూకలు ఎన్ని వాయిలు విసిరి పారబోయాలి? పిల్లలు తినే రొట్టె, ఇసుక తగలకూడదు. ఉలి పట్టినవాళ్లు దయచేసి చెప్పండి.