మ్యాప్‌లో పెద్ద రాజ్యం, లెడ్జర్‌లో చిన్న సైన్యం: గ్రేట్ హోర్డ్ మీదికి ఇప్పుడే వెళ్ళాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. యూరోపా యూనివర్సలిస్ 4 అనే కంప్యూటర్ వ్యూహాల ఆటలో మస్కోవీతో (మాస్కో రాజ్యం) ఆడుతున్నాను. ఇప్పుడు 1487లో ఉన్నాను. ఇన్నాళ్ళూ నా దృష్టంతా ఉత్తరాన నొవ్‌గొరోడ్ మీదే. మూడు యుద్ధాలు చేసి దాన్ని దాదాపు పూర్తిగా కలుపుకున్నాను. ఆ పనిలో పడి దక్షిణం వైపు చూడలేదు. ఈలోగా స్టెప్పీ (గడ్డి మైదానాలు) సంచార రాజ్యమైన గ్రేట్ హోర్డ్ పక్కనున్న కజాన్ రాజ్యాన్ని మొత్తం మింగేసింది, నొగాయ్ రాజ్యంలో సగం లాగేసుకుంది. మ్యాప్‌లో నాకు రెండింతలు కనిపిస్తోంది. చూడగానే టెన్షన్ వచ్చింది.

కానీ లెడ్జర్ (దేశాల బలాబలాల పట్టిక) తెరిస్తే లెక్క వేరేగా ఉంది. నాకు 27 రెజిమెంట్లు, వాళ్ళకు 15. నా మ్యాన్‌పవర్ (సైన్యంలో ఖాళీలు నింపడానికి ఉన్న మనుషులు) 19 వేలు, వాళ్ళది వెయ్యి కూడా లేదు. అంత భూమి ఉన్న రాజ్యానికి ఇంత చిన్న సైన్యం ఏమిటి? ఏఐ (వాళ్ళ తరఫున ఆడే కంప్యూటర్) సరిగ్గా ఆడటం లేదా, లేక నాకు కనపడని సైన్యం ఇంకెక్కడైనా ఉందా?

పోయిన ఆటలో 1460 ప్రాంతంలో ఇలాగే "మనకంటే తక్కువ మందే కదా" అని హోర్డ్ మీదికి వెళ్ళి ఒక్క పోరులో 11 వేల మందిని పోగొట్టుకున్నాను. ఆ తర్వాత ఆ ఆట కోలుకోలేదు. అందుకే ఇంత భయం. పైగా ఇది ఐరన్‌మ్యాన్, పాత సేవ్‌కి వెళ్ళే వీల్లేదు. ఇప్పుడే యుద్ధం మొదలుపెట్టాలా, ఇంకా సైన్యం పెంచుకుని వెళ్ళాలా? కాస్త వివరంగా చెప్పండి.

సమాధానం:

ఏఐ లోపం కాదండీ. మీకు కనిపిస్తున్నది గబగబా మింగేసి ఇంకా అరిగించుకోని రాజ్యం. ఈ ఆటలో ప్రావిన్స్‌ని గెలవడం ఒక ఎత్తు, దాన్ని కోర్ చేసుకోవడం, అంటే పూర్తిగా సొంత భూమిగా మార్చుకోవడం, ఒక ఎత్తు. మ్యాప్ మీద రంగు గెలిచిన రోజే మారిపోతుంది. బలం మాత్రం కోర్ అయ్యాకే, అదీ నెమ్మదిగా వస్తుంది.

లెక్క చూడండి. కోర్ చేయడానికి ఒక్కో డెవలప్‌మెంట్‌కి (ప్రావిన్స్ విలువను చెప్పే అంకె) మూల ఖర్చు 10 అడ్మినిస్ట్రేటివ్ పాయింట్లు. క్లెయిమ్‌లు (ఆ భూమి మాదని ముందే పెట్టుకున్న హక్కులు), ఐడియాలు ఉంటే కొంత తగ్గుతుంది. హోర్డ్ ఈ పదేళ్ళలో 90 డెవలప్‌మెంట్ గెలిచిందనుకుందాం. అంటే 900 పాయింట్లు కావాలి. రాజు అడ్మిన్ నైపుణ్యం 2, సలహాదారు ఒకటో స్థాయి అయితే నెలకు వచ్చేది అందరికీ వచ్చే 3 కలుపు 2 కలుపు 1, మొత్తం 6. ఏడాదికి 72. టెక్నాలజీకి, స్టెబిలిటీకి పైసా ఖర్చు పెట్టకపోయినా ఆ భూమిని కోర్ చేయడానికి పన్నెండేళ్ళు దాటుతుంది. అన్నాళ్ళూ ఓవర్ ఎక్స్‌టెన్షన్ (ఇంకా కోర్ కాని భూమి భారం) నెత్తిన కూర్చుంటుంది. అది పెరిగేకొద్దీ దేశమంతటా అశాంతి పెరుగుతుంది, 100 శాతం దాటితే చెడ్డ ఈవెంట్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

సైన్యం ఎందుకు తగ్గుతుందన్నది మీ అసలు ప్రశ్న. కొత్తగా గెలిచిన చోట అటానమీ (స్థానిక స్వతంత్రత) బాగా ఎక్కువ. పన్ను, మ్యాన్‌పవర్, ఫోర్స్ లిమిట్ (పోషించగల సైన్యం పరిమితి), మూడింటికీ అది కోత పెడుతుంది. అంటే కజాన్ అంతా చేతిలో ఉన్నా కజాన్ నుంచి వచ్చే సైనికులు నామమాత్రం. పైగా గెలిచిన ప్రావిన్సుల్లో వేర్పాటువాదం ముప్పై ఏళ్ళు ఉంటుంది, ఏడాదికి కాస్త చొప్పున తగ్గుతుంది. తిరుగుబాటు లేస్తే హోర్డ్ సైన్యం అటు పరుగెత్తాలి. గెలిచినా మనుషులు చస్తారు, ఆ ఖాళీలు మ్యాన్‌పవర్ నుంచే నిండాలి. మీరు చూసిన ఆ వెయ్యిలోపు అంకె అక్కడి నుంచే వచ్చింది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. తిరుగుబాటును కఠినంగా అణచాలంటే ఖర్చయ్యేది మిలిటరీ పాయింట్లు. అవి అక్కడ పోతే మిలిటరీ టెక్ వెనకబడుతుంది. కాబట్టి సంఖ్యే కాదు, ఒక్కో రెజిమెంటు నాణ్యత కూడా పడిపోతుంది. హోర్డ్‌లకు దీనికి తోడు ఇంకొకటుంది. గెలిచిన ప్రావిన్స్‌ని ధ్వంసం చేసి పాయింట్లు గుంజుకుంటాయి, దాంతో ఆ ప్రావిన్స్ డెవలప్‌మెంట్ తగ్గిపోతుంది. రంగు మాత్రం అంతే వెడల్పుగా ఉంటుంది. రాజ్యాలను పోల్చేటప్పుడు వైశాల్యం పక్కన పెట్టి మొత్తం డెవలప్‌మెంట్ చూడమని నేను పదే పదే చెప్పేది అందుకే.

కనపడని సైన్యం గురించి మీ అనుమానం మాత్రం సరైనదే. లెడ్జర్‌లో ఆ ఒక్క దేశం సైన్యమే ఉంటుంది, దాని మిత్రులూ వాసల్స్ (సామంతులు) విడిగా ఉంటారు. యుద్ధం ప్రకటించే కిటికీ తెరిచి, ప్రకటించకుండా, ఎవరు వస్తారని చూపిస్తోందో చదవండి. తర్వాత కజాన్ ప్రావిన్సులను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. కోర్ ఉన్న దేశాల డాళ్ళు (డాలు ఆకారపు చిహ్నాలు) అక్కడ ఉంటాయి. హోర్డ్ డాలు లేకపోతే ఆ ప్రావిన్స్ ఇంకా అరగలేదన్నమాట. మిలిటరీ టెక్ ఎంతో కూడా చూసి ఇక్కడ రాయండి. అలాగే మీ సంగతి కూడా చెప్పండి, నొవ్‌గొరోడ్‌లో మీ కోర్లు పూర్తయ్యాయా?

మరొకరు:

పై సమాధానం మొత్తం ఒప్పుకుంటాను. పోయిన ఆటలో ఓటమి గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఆ కారణం ఇప్పటికీ అక్కడే ఉంది. హోర్డ్ సైన్యం చదునైన నేల మీద షాక్ (దగ్గరి పోరు) దెబ్బ 25 శాతం ఎక్కువ కొడుతుంది. స్టెప్పీ అంతా చదునే. 1460 నాటికి ఫైర్ (దూరం నుంచి కాల్పులు) దశలో పెద్దగా ఎవరూ చావరు, చావులన్నీ షాక్ దశలోనే. మీరు పోరాడింది సరిగ్గా వాళ్ళకు కలిసొచ్చే నేల మీద, వాళ్ళకు కలిసొచ్చే కాలంలో.

నేను ఒకసారి ర్యాజాన్ దగ్గర అడవి ప్రావిన్స్‌లో, నది ఇవతల 18 వేల మందితో ఆగాను. ముందు మెయింటెనెన్స్ (సైన్యం పోషణ ఖర్చు) స్లైడర్ పూర్తిగా పైకి జరిపి మూడు నెలలు వేచి ఉన్నాను, మొరాల్ (సైన్యం ధైర్యం) పచ్చగా నిండేదాకా. కావాలనే ఒక చిన్న దళాన్ని సరిహద్దులో ఎరగా వదిలాను. హోర్డ్ 16 వేలతో దాన్ని తరుముకుంటూ నా అడవిలోకి వచ్చింది. అడవికి ఒకటి, నది దాటినందుకు ఒకటి, వాళ్ళ పాచికలో రెండు తగ్గాయి. పాచిక పడేది 0 నుంచి 9 దాకానే కాబట్టి రెండంటే చిన్న విషయం కాదు. మొదటి షాక్ దశలోనే వాళ్ళ మొరాల్ గీత సగానికి దిగింది, రెండోదానికి పారిపోయారు. మ్యాన్‌పవర్ లేని సైన్యం ఒకసారి చితికితే మళ్ళీ నిండదు. మీకు కావాల్సింది అలాంటి ఒక్క పోరు. అది మీరు ఎంచుకున్న నేల మీద జరగాలి.

అడిగినవారు:

చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. అన్నీ చూశాను. కజాన్ వైపు ఆరు ప్రావిన్సుల్లో నాలుగింటి మీద హోర్డ్ డాలు లేదు, కజాన్ డాలు మాత్రం అన్నింటి మీదా ఉంది. హోర్డ్ మిలిటరీ టెక్ 4, నాది 5. మిత్రుడిగా ఉజ్బెక్ ఒక్కటే వస్తానంటోంది, 9 రెజిమెంట్లు. నా కోర్లన్నీ పూర్తయ్యాయి, చేతిలో 310 అడ్మిన్ పాయింట్లు ఉన్నాయి. అప్పు లేదు.

రెండు సందేహాలు. వాళ్ళ దగ్గర తిరుగుబాట్లు వచ్చేలా ఉన్నాయి కదా, ఇంకో అయిదారేళ్ళు ఆగితే వాళ్ళంతట వాళ్ళే ముక్కలవుతారేమో? రెండోది, గెలిస్తే ఎంత తీసుకోవాలి?

ఇంకో సభ్యుడు:

నేనైతే ఆగుతాను బ్రో. వేర్పాటువాదులు లేచి కజాన్‌ని వాళ్ళే విడగొడితే మీకు పని సగం తగ్గుతుంది, అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ (భూమి లాక్కున్నందుకు చుట్టుపక్కల దేశాల్లో పెరిగే కోపం) కూడా రాదు. తిరుగుబాటుదారులకు డబ్బు సాయం చేసే వీలుంటే చేయండి.

మొదట సమాధానం ఇచ్చినవారు:

ఆగమనే సలహాతో నేను ఏకీభవించను. ఏఐ తిరుగుబాట్లను చాలాసార్లు అణచేస్తుంది. అయిదారేళ్ళు ప్రశాంతంగా వదిలేస్తే ఆ నాలుగు కోర్లూ పూర్తవుతాయి, అటానమీ దిగుతుంది, మ్యాన్‌పవర్ నిండుతుంది. అప్పుడు మీరు మ్యాప్‌లో చూసి భయపడ్డ రాజ్యం నిజంగానే తయారవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. తిరుగుబాటుదారులు పట్టుకున్న కోట మీ వార్ స్కోర్‌లో (సంధిలో అడగడానికి వాడే యుద్ధ అంకె) కలవదు, దాన్ని మీరు మళ్ళీ ముట్టడించి తీసుకోవాలి. వాళ్ళు లేచాక వెళ్ళడం కంటే లేవబోతుండగా వెళ్ళడం మేలు. ఉజ్బెక్ వచ్చేది దూరం నుంచి. వాళ్ళు చేరేలోపు హోర్డ్ ప్రధాన సైన్యాన్ని అడవిలో కొట్టేయాలి. ఆ తర్వాత ఉజ్బెక్‌తో విడిగా ఏమీ అడగకుండా సంధి చేసుకోవచ్చు.

ఎంత తీసుకోవాలన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడే చాలామంది గెలిచి ఓడిపోతారు, నేనూ ఓడాను. ఒక ఆటలో ఇదే హోర్డ్ నుంచి ఒకే సంధిలో తొమ్మిది ప్రావిన్సులు లాగాను. ఓవర్ ఎక్స్‌టెన్షన్ 130 దాటింది. రెండేళ్ళలో నాలుగు చోట్ల తిరుగుబాటు, అప్పులు, సైన్యం మెయింటెనెన్స్ కిందికి దించక తప్పని పరిస్థితి. సరిగ్గా ఆ సమయంలో లిథువేనియాను వెంటేసుకుని పోలెండ్ వచ్చిపడింది. మీరు ఇప్పుడు హోర్డ్‌ని చూస్తున్నట్టే వాళ్ళు నన్ను లెడ్జర్‌లో చూశారు.

కాబట్టి ఇలా చేయండి. సంధి తెరలో ఒక్కో ప్రావిన్స్ ఎంచుకుంటుంటే ఓవర్ ఎక్స్‌టెన్షన్ ఎంత అవుతుందో పక్కనే చూపిస్తుంది. మీ 310 పాయింట్లకు సుమారు 30 డెవలప్‌మెంట్ కోర్ అవుతుంది, క్లెయిమ్ ఉన్నవాటికి ఇంకొంచెం. అంతకు మించి మీ పేరు మీద తీసుకోవద్దు. తీసుకునే వాటిలో కజాన్ కోర్ ఉన్న ప్రావిన్స్ ఒకటి తప్పక ఉండాలి. సంధి అయ్యాక దానితో కజాన్‌ని మీ వాసల్‌గా విడుదల చేయండి. ఆ ప్రావిన్స్‌కి కోర్ ఖర్చు లేదు, మీ ఓవర్ ఎక్స్‌టెన్షన్‌లోంచీ పోతుంది. మిగిలిన కజాన్ భూమి మీద ఆ వాసల్‌కి కోర్లు ఉన్నాయి కాబట్టి తర్వాతి యుద్ధం రీకాంక్వెస్ట్ (పోయిన భూమిని తిరిగి తీసుకోవడం) కారణంతో వేయొచ్చు. అందులో అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ చాలా తక్కువ, తిరిగొచ్చే భూమి అప్పటికే కోర్. మీకు ఒక దౌత్య సంబంధం స్థానం ఖర్చవుతుంది, అంతే.

సంధిలో వార్ స్కోర్ ఎంత వాడితే ట్రూస్ (మళ్ళీ యుద్ధం చేయకూడని గడువు) అంత పొడుగు, అయిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా. ట్రూస్ మధ్యలో తెంచితే స్టెబిలిటీ 5 పోతుంది, ఆ ఆలోచన పెట్టుకోవద్దు. క్రిమియా, నొగాయ్, ఉజ్బెక్‌ల అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ అంకె 50 దాటకుండా చూసుకోండి. దాటితే మీకు వ్యతిరేకంగా కట్టే కొయలిషన్‌లో (కూటమి) చేరగలరు.

అడిగినవారు:

యుద్ధం అయిపోయింది, రాయకుండా ఉండలేకపోయాను. 1488 మార్చిలో మొదలుపెట్టాను. ముందు మూడు నెలలు మెయింటెనెన్స్ పైకి పెట్టాను. అయిదు వేల మందిని ఎరగా వదిలి 20 వేలతో అడవిలో నిలబడ్డాను. 14 వేలతో హోర్డ్ వచ్చింది. నా పాచిక మొదట 2 పడింది, గుండె జారిపోయింది, అయినా లైన్ నిలబడింది. రెండో షాక్‌లో 8 పడింది. వాళ్ళు పారిపోతే వెంటపడి మళ్ళీ కొట్టాను, రెండోసారి మొత్తం తుడిచిపెట్టుకుపోయారు. ఆ తర్వాత వాళ్ళు సైన్యం నిలబెట్టలేకపోయారు. ఉజ్బెక్ వచ్చేసరికి కజాన్ కోట నా చేతిలో ఉంది.

1490లో సంధి. మూడు ప్రావిన్సులు తీసుకున్నాను, కొంత డబ్బు అడిగాను. ఇంకా అయిదు తీసుకునేంత స్కోర్ ఉంది, చాలా ఆశ పుట్టింది, ఆపుకున్నాను. కజాన్‌ని వాసల్‌గా విడుదల చేశాక ఓవర్ ఎక్స్‌టెన్షన్ 22 దగ్గర ఆగింది. ట్రూస్ 1501 దాకా ఉంది. ఇప్పుడు వాసల్ లాయల్‌గానే ఉన్నాడు, కానీ రేపు కజాన్ భూమి మొత్తం అతనికి తిరిగిచ్చాక ఎదురు తిరుగుతాడా?

మొదట సమాధానం ఇచ్చినవారు:

అభినందనలండీ, ఆ అయిదు ప్రావిన్సులు వదలడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాసల్ పెరిగేకొద్దీ అతని లిబర్టీ డిజైర్ (స్వతంత్రం కావాలన్న కోరిక) పెరుగుతుంది, 50 దాటితే సమస్య. మీ సైన్యం అతనికంటే ఎంత పెద్దదన్నది అందులో లెక్కకొస్తుంది కాబట్టి ఈ పదకొండేళ్ళలో ఫోర్స్ లిమిట్ నింపుకోండి. అతనితో సంబంధాలు మెరుగుపరచడానికి ఒక దౌత్యవేత్తను అక్కడే ఉంచండి. వాసల్ అయిన పదేళ్ళకు అనెక్స్ చేసుకునే (పూర్తిగా కలుపుకునే) దారి తెరుచుకుంటుంది, దానికి డిప్లొమాటిక్ పాయింట్లు ఖర్చవుతాయి, అడ్మిన్ కాదు. 1501లో రెండో యుద్ధానికి ముందు లెడ్జర్ ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చూద్దాం.