బటన్ రంగు మార్చాలంటే 40 ఫైళ్లు తిరగాలా?

ప్రశ్న (గుంటూరు): మిర్చి యార్డు కమీషన్ షాపులకు బిల్లింగ్ యాప్ చేస్తున్నాను. ఒకాయనకు ఎరుపు కావాలి, పక్క షాపాయనకు పసుపు. రంగు కోడ్‌లు స్క్రీన్ మీది బటన్ లాంటి ప్రతి భాగంలో, అంటే ప్రతి కాంపోనెంట్‌లో నేరుగా రాసి పడేశాను. షాపుకో కాపీ పెట్టేయనా?

జవాబు: కాపీలు వద్దండి బాబూ, చచ్చిపోతారు. రంగులన్నీ సీఎస్ఎస్ (పేజీ రూపం రాసే భాష) వేరియబుల్స్‌లోకి, అంటే ఒకేచోట రంగు రాసి పెట్టుకునే పేర్లలోకి తీయండి. పేరు మాత్రం ‘ఎరుపు’ అని కాదు, ‘ముఖ్య బటన్ నేపథ్యం’ అని పనిని బట్టి పెట్టండి. రేపు ‘ఎరుపు’లో పసుపు ఉంటే చూసేవాడికి పిచ్చెక్కుతుంది. తర్వాత రూట్ (పేజీలో అన్నిటికీ పైనుండే ట్యాగ్) మీద థీమ్ (ఒక షాపు రంగుల సెట్టు) పేరు మారిస్తే చాలు.

జవాబు (బెజవాడ): పసుపు మీద తెల్ల అక్షరాలా? బెంజ్ సర్కిల్ ఎండలో ఫోన్ తీస్తే ఏమీ కనపడదు, ఆ దెబ్బ నేను తిన్నాను. అక్షరాల రంగుకూ విడిగా వేరియబుల్ ఉండాలి. డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరూ వాడుకునేలా ఉండాలనే ప్రమాణాలు) ఏఏ స్థాయికి మామూలు అక్షరాల కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి.

అడిగినవారు: తెల్లవేనండి! ‘అంకె కనపడట్లేదయ్యా’ అంటే కళ్లజోడు మార్చుకోమన్నాను ఆ పసుపు షాపాయన్ని...