బాయిలర్ గడగడ: పవర్ ఫ్లష్ చేయించాలా, డబ్బు దండగా?

చలికాగుతున్నా (రెడింగ్) – ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది మూడు బెడ్‌రూముల సెమీ (పక్కింటితో ఒక గోడ కలిసిన ఇల్లు). కొన్నప్పటి నుంచీ ఉన్న కాంబి బాయిలరే (రేడియేటర్లకీ, కుళాయి వేడినీళ్ళకీ ఒకటే డబ్బా), దానికిప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు వారాలుగా పొద్దున ఆరింటికి హీటింగ్ ఆన్ అవ్వగానే సొయ్యిమని మొదలవుతుంది. ఐదు నిమిషాల్లో కుక్కర్‌లో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గడగడ. తర్వాత దానంతటదే ఆగి, కాసేపటికి మళ్ళీ మొదలు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు మొదటి రోజు లేచి, "కింద ఎవరైనా పిండిమర పెట్టారా అల్లుడూ?" అని అడిగారు.

ముగ్గురు ఇంజనీర్లు వచ్చి చూశారు, ముగ్గురివీ గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనికి ఉండాల్సిన రిజిస్ట్రేషన్) కార్డులే. మూడు జవాబులు. ఒకాయన పవర్ ఫ్లష్ (మిషన్ పెట్టి రేడియేటర్లు, గొట్టాలు అన్నీ కడగడం) చేయించమన్నాడు, 550 పౌండ్లు. రెండో ఆయన హీట్ ఎక్స్‌ఛేంజర్‌కి (మంట వేడిని నీళ్ళకి ఎక్కించే భాగం) సున్నం పట్టింది, మార్చాలి, 480 అన్నాడు. మూడో ఆయన కవర్ కూడా తియ్యకుండా కొత్త బాయిలర్ పెట్టించుకోమని 2,700కి కోట్ పంపాడు. ఎవరి మాట వినాలి?

థేమ్స్‌గట్టు (స్లౌ)

ఫ్లష్ చేయించు బ్రదర్, ఆలోచించకు. మనవైపంతా సుద్దరాయి నేల, కెటిల్ చూస్తే తెలియట్లేదా? హైదరాబాద్‌లో బోరు నీళ్ళకి గీజర్ కాయిల్ మీద సున్నం ఎలా పేరుకునేది, ఇదీ అంతే. లోహానికి గార పడితే దాని కింద వేడి చిక్కుకుని నీళ్ళు అక్కడికక్కడే మరుగుతాయి, ఆ బుడగలు చిట్లే చప్పుడే నీ పిండిమర. కెటిలింగ్ అంటారు. నాలుగేళ్ళ క్రితం మా ఇంట్లో ఇదే గోల. ఆరు గంటలు మిషన్ పెట్టి కడిగితే డికాక్షన్ లాంటి నీళ్ళొచ్చాయి. ఆ రోజు నుంచి చప్పుడు లేదు.

పానాపట్టకారు (లెస్టర్)

పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, గ్యాస్ సేఫ్‌లో ఉన్నా. థేమ్స్‌గట్టు గారూ, మీరు రెండు నీళ్ళని కలిపేశారు. కాంబిలో రెండు దారులున్నాయి. కుళాయికి వెళ్ళే నీళ్ళు రోజూ కొత్తవే, వాటితో కుళాయి నీళ్ళని వేడిచేసే చిన్న ప్లేట్ ఎక్స్‌ఛేంజర్‌కి సున్నం పడుతుంది, నిజమే. రేడియేటర్లలో తిరిగేవి మాత్రం మూసిన గొట్టాల్లో ఉన్నవే, ఏళ్ళ తరబడి అవే నీళ్ళు. అందులో ఉన్న కాస్త సున్నం ఒకసారి దిగిపోతే అంతే, ఇంకెక్కడిది? కొత్త నీళ్ళు ఎక్కిస్తూ ఉంటే తప్ప.

చలికాగుతున్నా గారూ, కోట్లు పక్కన పెట్టి మూడు సంగతులు చెప్పండి.

వేడినీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పినప్పుడు కూడా గడగడ వస్తోందా?

బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ ముల్లు ఎంత, వేడెక్కాక ఎంత?

ఎన్నాళ్ళకోసారి ఫిల్లింగ్ లూప్ తిప్పి నీళ్ళు ఎక్కిస్తున్నారు?

వానలోవాడు (మాంచెస్టర్)

సున్నం వాదన మీద ఒక మాట. మాకొచ్చేది లేక్ డిస్ట్రిక్ట్ నీళ్ళు, సబ్బు కడిగినా పోదు, అంత మెత్తన. పదేళ్ళ కెటిల్ లోపల ఇంకా మెరుస్తూనే ఉంది. అయినా మా బాయిలర్ పోయినేడు అచ్చం ఇలాగే అరిచింది. మా దాంట్లో దొరికింది మడ్డి. నల్లగా, వేలికి అంటితే కాటుకలా ఉంది.

థేమ్స్‌గట్టు (స్లౌ)

మడ్డి అయినా సున్నం అయినా కడగాల్సిందేగా! పేరేదైతే ఏంటి, ఫ్లష్‌తోనే పోతుంది. నా మాటే నిలబడింది.

హౌన్స్‌లోపిన్ని

మావారు గ్యాస్ బిల్లుకి భయపడి హాల్లో ఒక్కటి తప్ప అన్ని రేడియేటర్ల వాల్వులూ కట్టేశారు. బాయిలర్ ఈలలు, మూలుగులు. నేను అన్నీ తిప్పేశాను, ఆగిపోయింది. ముందు అది చూసుకో బాబూ, ఖర్చు లేని పని.

చలికాగుతున్నా (రెడింగ్) – ఆదివారం, సాయంత్రం

పిన్నిగారూ, చూశాను, మావన్నీ తెరిచే ఉన్నాయి.

పట్టకారు అన్నా, మీరడిగాక పేపర్ పట్టుకుని కూర్చున్నా. వంటింటి కుళాయి, షవర్ రెండూ పూర్తిగా తిప్పి పది నిమిషాలు విన్నా. ఫ్యాన్ చప్పుడు తప్ప గడగడ లేదు! హీటింగ్ పెడితేనే వస్తోంది. పొద్దున ముల్లు 0.3 బార్ ఉంటే 1.2 దాకా ఎక్కించా. గంట వేడెక్కాక 2.9. రాత్రికి చల్లారాక చూస్తే మళ్ళీ 0.4. నీళ్ళు ఎక్కించడం అంటారా, మొదట్లో నెలకోసారి, ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి. అది మామూలే అనుకున్నాను.

పానాపట్టకారు (లెస్టర్)

మామూలు కాదు. మీ ముగ్గురు ఇంజనీర్లలో ఒక్కరైనా ఈ మాట అడిగి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

కుళాయి తిప్పినప్పుడు బాయిలర్ దాదాపు పూర్తి మంట మీద పనిచేస్తుంది. అదే పంపు, అదే పెద్ద ఎక్స్‌ఛేంజర్. దానికి గార పట్టి ఉంటే మొదట అరవాల్సింది అప్పుడే. అప్పుడు నిశ్శబ్దంగా ఉందంటే ఎక్స్‌ఛేంజర్ బాగానే ఉన్నట్టు లెక్క, ఆ 480 పౌండ్లు జేబులోనే ఉంచుకోండి. హీటింగ్‌లో మాత్రమే అరుస్తోందంటే బాయిలర్ బయట ఎక్కడో దారి ఇరుకైంది. నీళ్ళు మెల్లగా కదిలితే ఎక్స్‌ఛేంజర్‌లోనే మరుగుతాయి, వేడి హద్దు దాటగానే మంట ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. మీరు చెప్పిన "ఆగి మళ్ళీ మొదలు" అదే.

ఇక ముల్లు సంగతి. నీళ్ళు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. ఆ పొంగుని పట్టుకోడానికి లోపల ఎక్స్‌పాన్షన్ వెసెల్ ఉంటుంది, మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు గాలి. ఆ గాలి దిగిపోతే పొంగిన నీళ్ళకి చోటుండదు, ప్రెషర్ 3 బార్ దగ్గరకెళ్ళి సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్ళు బయటి గోడ గొట్టంలోంచి కారిపోతాయి. చల్లారాక ముల్లు పడిపోతుంది. మీరు కొత్త నీళ్ళు ఎక్కిస్తారు. కొత్త నీళ్ళతో కొత్త ఆక్సిజన్, దాంతో రేడియేటర్ల ఇనుము తుప్పు, తుప్పు నల్ల మడ్డయి బాయిలర్ కింద ఫిల్టర్లో కూర్చుని దారి ఇరుకు చేస్తుంది. ఫ్లష్ చేసి వెసెల్ వదిలేస్తే చిల్లు కుండ కడిగి పెట్టినట్టే.

బాయిలర్ వెనక గోడ బయట సన్నటి రాగి గొట్టం మొన ఉంటుంది, దాని కింద ఇటుక చూడండి. వెసెల్‌లో గాలి మాత్రం మీరు కొట్టకండి. చూడ్డానికి కారు టైరు వాల్వే, కానీ కవర్ విప్పాలి. చాలా బాయిలర్లలో ఆ కవరే మంట మండే గదికి సీలు. పైగా నీళ్ళ వైపు ప్రెషర్ సున్నా చేశాకే గాలి కొట్టాలి.

కొత్తదేమేలు (మిల్టన్ కీన్స్)

తొమ్మిదేళ్ళ డబ్బాకి ఇంత వైద్యమా? ఇవాళ వెసెల్, రేపు ఫ్యాన్, ఎల్లుండి బోర్డు. కొత్తది పెట్టించుకుంటే పదేళ్ళ వారంటీ, నిద్ర. లేదా హీట్ పంప్‌కి ఇంగ్లండ్‌లో 7,500 పౌండ్ల గ్రాంట్ ఉంది, అటు వెళ్ళండి.

వానలోవాడు (మాంచెస్టర్)

అదే మడ్డి గొట్టాలకి కొత్త బాయిలర్ తగిలిస్తే, దాని నోట్లోకి పోయేదీ ఆ మడ్డే. వారంటీ వాడు నీళ్ళు టెస్ట్ చేసి కుదరదంటాడు. హీట్ పంప్‌కీ శుభ్రమైన నీళ్ళే కావాలి.

థేమ్స్‌గట్టు (స్లౌ)

చూశారా, మళ్ళీ కడగడం దగ్గరకే వచ్చారు. పట్టకారు గారూ, వెసెల్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఈ తొమ్మిదేళ్ళ మడ్డి వెసెల్‌లో గాలి కొడితే మాయమైపోతుందా? బి.ఎస్. 7593 అని మీ వాళ్ళ బ్రిటిష్ ప్రమాణమే కడగమంటోంది కదా.

పానాపట్టకారు (లెస్టర్)

మంచి ప్రశ్న. 2019లో సవరించిన ఆ ప్రమాణం కొత్త బాయిలర్ పెట్టేటప్పుడు సిస్టమ్ శుభ్రం చేసి, ఇన్హిబిటర్ (తుప్పు పట్టకుండా ఆపే మందు) పోసి, ఫిల్టర్ పెట్టమంటుంది. ఏటా ఇన్హిబిటర్ పరీక్షించమంటుంది. కడగడం అంటే ప్రతి ఇంట్లో పవర్ ఫ్లషే అని మాత్రం కాదు. రేడియేటర్ పైభాగం చల్లగా ఉంటే గాలి. కింద మధ్యలో చల్లగా ఉంటే మడ్డి. నాలుగైదు రేడియేటర్లు కింద చల్లగా ఉంటే నేనూ మిషన్ దింపుతాను. ఒకటీ అరా ఉంటే విప్పి పెరట్లో హోస్‌తో కడుగుతాను, లేదా క్లీనర్ పోసి రెండు వారాలు తిప్పి దించేస్తాను. మీ ఇంట్లో మిషన్ అవసరమై ఉండొచ్చు, కాదనను. మా వ్యాపారంలో కొందరికి మాత్రం అది మందు కాదు, మెనూలో మొదటి ఐటమ్.

చలికాగుతున్నా (రెడింగ్) – తర్వాతి శనివారం

అప్‌డేట్. గొట్టం కింద ఇటుక మీద అరచేతి వెడల్పున తెల్లటి చార, అంచుల్లో పచ్చగా. ఇన్నేళ్ళు చెత్తడబ్బాలు అక్కడే పెడుతూ ఒక్కసారీ చూడలేదు.

నాలుగో ఇంజనీర్‌ని పిలిచి, మీరు చెప్పినవే చెప్పాను. వెసెల్ వాల్వ్ నొక్కితే గాలి లేదు. నీళ్ళూ రాలేదు, కాబట్టి పొర చిరగలేదన్నాడు. గాలి కొట్టాడు. సేఫ్టీ వాల్వ్ సరిగా మూసుకోవట్లేదని మార్చాడు. తర్వాత బాయిలర్ కింద మ్యాగ్నెట్ ఫిల్టర్ విప్పి, ఆ అయస్కాంతం కడ్డీ నాకు చూపించాడు. కడ్డీ కనపడలేదు. బొటనవేలు మందాన నల్లటి ముద్ద, నూనెలా మెరుస్తూ. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ విప్పలేదట, సర్వీసుకని మాత్రం ఏటా ఎవరో ఒకరు వచ్చి వెళ్ళారు. కడిగి, లీటరు ఇన్హిబిటర్ పోసి, హీటింగ్ ఫ్లో టెంపరేచర్ (రేడియేటర్లకి వెళ్ళే నీళ్ళ వేడి) 75 నుంచి 60 డిగ్రీలకి దించాడు. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ళు 55 కన్నా చల్లగా వస్తేనే కండెన్సింగ్ (పొగలోని ఆవిరి నీరై దాని వేడి కూడా పనికి రావడం) బాగా జరుగుతుందట. మొత్తం 190 పౌండ్లు.

నాలుగు రోజులుగా ముల్లు చల్లగా 1.2, వేడిగా 1.7. గడగడ లేదు. ఒక్క గెస్ట్ రూమ్ రేడియేటర్ మాత్రం కింద చల్లగా ఉంది. మెట్ల దగ్గర నేల కింద టక్ టక్ అని వస్తోంది.

పానాపట్టకారు (లెస్టర్)

టక్ టక్ గొట్టాలది, వేడికి సాగి చెక్క దూలానికి రాసుకుంటాయి, ప్రమాదం లేదు. గెస్ట్ రూమ్ రేడియేటర్ విప్పి కడిగించండి. మూడు నెలలకి ఫిల్టర్ మళ్ళీ తెరిపించండి.

థేమ్స్‌గట్టు (స్లౌ)

రేడియేటర్ కింద చల్లగా ఉందన్నావు, అంటే మడ్డి ఇంకా ఉంది. వచ్చే డిసెంబర్‌లో ఇదే చర్చ కింద కలుద్దాం బ్రదర్. మా వాడి నంబర్ దాచే ఉంచుతా.

చలికాగుతున్నా (రెడింగ్)

దాచండి అన్నా. అత్తగారు మాత్రం ఇవాళ ఎనిమిదింటికి లేచారు, మర ఎందుకు ఆపేశారని అడుగుతున్నారు.