ఓజిబ్వేల బడి అర్జీ మూలప్రతి ఎక్కడ ఉంది?

అధ్యాయం_3: మధ్యాహ్నం నుంచి వెతికి వెతికి కళ్ళు మండుతున్నాయి. పిల్లలకు బడి పెట్టించమని ఉత్తర అమెరికా ఆదివాసులైన ఓజిబ్వేల పెద్ద ఒకాయన వలస ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు కదా, దాని మూలప్రతి కావాలి. దాని గురించి రాసినవారే అందరూ, చూపించినవారు ఒక్కరూ లేరు. సోమవారం అధ్యాయం ఇవ్వాలి.

మితభాషి: ఏ ఊరు? ఏ సంవత్సరం?

అధ్యాయం_3: కెనడా. ఇది అందరికీ తెలిసిందే కదండీ.

మితభాషి: మిషిగన్, విస్కాన్సిన్, మినెసోటాలలోనూ ఓజిబ్వేలున్నారు. కెనడాలోనైనా అర్జీ ఒక్కటి కాదు.

పాతదస్త్రం: అర్జీ అనగానే కాగితం కోసం వెతకడం మన తాలూకా కచేరీ అలవాటు. అక్కడ పెద్దలు సభలో నిలబడి మాట్లాడితే గుమాస్తా ఇంగ్లీషులో రాసుకున్న సందర్భాలే ఎక్కువ. కాగితం మీద సంతకం చోట తమ వంశ చిహ్నాన్ని, కొంగనో చేపనో ఎలుగుబంటినో గీసేవారు. దాన్ని చదువురానివారి వేలిముద్రతో పోల్చేవారిని చూస్తే నాకు ఒళ్ళు మంట. వేలిముద్ర ఒక మనిషిది, ఆ బొమ్మ వంశమంతటిదీ. ఒప్పంద పత్రాల్లో ఈ బొమ్మలను...

అధ్యాయం_3: బొమ్మల సంగతి తర్వాత చూద్దాం సార్. నాకు షింగ్వాక్ అనే పెద్ద పెట్టిన అర్జీ కావాలి.

మితభాషి: తండ్రా, కొడుకా?

సరస్సు_గట్టు: ఆ పేరు ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. తండ్రి షింగ్వాకోన్స్, కెనడాలోని గార్డెన్ రివర్ ఓజిబ్వేల పెద్ద. 1830ల తొలినాళ్ళలో యార్క్ దాకా, అంటే నేటి టొరంటో దాకా వెళ్ళి, లెఫ్టినెంట్ గవర్నర్ కోల్‌బోర్న్‌ను స్వయంగా కలిశాడు. కొడుకు అగస్టీన్ 1871లో దక్షిణాన పట్టణాలు తిరిగి ఆంగ్లికన్ చర్చి సంఘాలను బడికి సాయమడిగాడు. ఆ ప్రయాణ కథనం 1872లో టొరంటోలో ‘లిటిల్ పైన్స్ జర్నల్’ అనే చిన్న పుస్తకంగా అచ్చయింది. శీర్షికలో ఓజిబ్వేల మరో పేరు ‘చిప్పెవే’ అని ఉంటుంది. ఓజిబ్వే అని వెతికితే తగలదు.

ఎదురుప్రశ్న: అంటే ఆదివాసీ పిల్లలను ఇంటికి దూరంగా ఉంచిన వసతి బడులు వాళ్ళు అడిగి తెచ్చుకున్నవే! మరి 2008లో కెనడా ప్రభుత్వం ఆ బడుల విషయంలో క్షమాపణ దేనికి చెప్పినట్లు?

పాతదస్త్రం: చదువు అడిగారు. పిల్లల నోట సొంత భాష మాన్పించమని అడగలేదు.

ఎదురుప్రశ్న: 1846లో కెనడాలోని ఒరిలియాలో జరిగిన సభలో, ప్రభుత్వం తమకు ఏటా ఇచ్చే భృతిలో నాలుగో వంతు 25 ఏళ్ళపాటు బడులకిస్తామని పెద్దలు ఒప్పుకోలేదా?

సరస్సు_గట్టు: ఒప్పుకున్నారు. చివరికి ఆ బడులను తమవాళ్ళే నడపాలని ఓజిబ్వే మత బోధకుడు పీటర్ జోన్స్ ఆశించాడు కూడా. డబ్బు వాళ్ళది, పెత్తనం మిషనరీలది అయింది. అగస్టీన్ సాయమడిగిన గార్డెన్ రివర్ బడి 1873లో తెరిచిన కొద్ది రోజులకే కాలిపోతే, 1875లో సూ సెయింట్ మేరీలో మళ్ళీ కట్టారు. అది 1970 దాకా నడిచింది.

అధ్యాయం_3: చిప్పెవే అని కొడితే వచ్చింది. థాంక్స్.

ఎదురుప్రశ్న: క్షమాపణ సంగతి ఇంకా ఎవరూ సూటిగా చెప్పలేదు.