తెల్ల పాషాణం మందైన ఘనత ఎవరిది?

సుధాకర్: చైనా సంప్రదాయ వైద్యులు వాడిన తెల్ల పాషాణంతోనే (ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ అనే విషంతోనే) ఒక రకం రక్త క్యాన్సర్ నయమవుతున్నప్పుడు, ఆ వైద్యాన్ని నేటి పరిశోధనతో కలపడానికి శాస్త్రవేత్తలు ఎందుకు సందేహించాలి?

నిర్మల: సుధాకర్ గారూ, అక్కడ జరిగింది కలపడం కాదు, విడదీయడం. 1970ల ఆరంభంలో చైనాలోని హార్బిన్ వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన ఝాంగ్ టింగ్‌డాంగ్, ఆయన సహచరులు ఒక నాటు మందును పరీక్షకు తీసుకున్నారు. అందులో పాషాణంతోపాటు పాదరస లవణం, గోదురుకప్ప విషం ఉండేవి. పాదరసం మూత్రపిండాలకు చేటని, కప్ప విషం రక్తపోటును పెంచుతుందని గమనించి, ఆ రెండింటినీ తీసివేసి పాషాణాన్ని మాత్రమే నిలుపుకున్నారు. అది కూడా అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే రకం రక్త క్యాన్సర్ మీదనే అంత బాగా పనిచేసింది. ఆ జబ్బులో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఒక అసహజ ప్రోటీన్ పుడుతుందనీ, పాషాణం దానినే నాశనం చేస్తుందనీ 1990లలో షాంఘై పరిశోధకులు చూపారు. తీవ్రత తక్కువ, మధ్యస్థంగా ఉన్న రోగులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, ట్రెటినాయిన్ (విటమిన్-ఎ నుంచి వచ్చిన మందు)తో పాటు పాషాణం తీసుకున్నవారిలో 97 శాతం మంది చికిత్స విఫలమవకుండా, జబ్బు తిరగబెట్టకుండా రెండేళ్లు గడిపారు. పాషాణానికి బదులు ట్రెటినాయిన్‌తో పాటు కీమోథెరపీ తీసుకున్నవారిలో అది 86 శాతం. ఆనవాలు ఇచ్చింది సంప్రదాయమే, అందులో నాకు సందేహం లేదు; కానీ ఆ నాటు మందును ఉన్నదున్నట్టుగా గౌరవించి ఉంటే ఈ చికిత్స మనకు దక్కేది కాదు.

రఘురామ్: నిర్మల గారూ, విడదీయడం ఒక్కటే దారి అనడం మాత్రం అన్యాయం. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు యుంగ్-చీ చెంగ్ దాదాపు 1800 ఏళ్ల నాటి నాలుగు మూలికల కషాయాన్ని మొత్తంగానే పరీక్షించారు. ఇరినోటెకాన్ అనే క్యాన్సర్ మందు వల్ల దెబ్బతిన్న పేగు పొర ఎలుకల్లో తిరిగి కోలుకుందని 2010లో ఆయన బృందం ప్రకటించింది. ఆయన కీమోథెరపీని మానమనలేదు, దానిని రోగి తట్టుకునే మార్గం వెతికారు.

నిర్మల: మీ ఉదాహరణ బలమైనదే, నా మాటను సవరించుకుంటాను. కషాయాన్ని మొత్తంగానూ పరీక్షించవచ్చు, ప్రతి విడతలోనూ రసాయనాల పాళ్లు ఒకేలా ఉన్నాయని ముందుగా నిర్ధారించుకోగలిగితే. అయితే ఎలుకలో కనిపించిన మేలు మనిషిలోనూ నిలవాలి. మెదడు విషయమే చూడండి. చైనా మూలిక నుంచి వేరుచేసిన హ్యూపర్జీన్-ఎ, జ్ఞాపకశక్తికి అవసరమైన అసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అది పనిచేసే తీరు స్పష్టంగానే తెలుసు. అయినా అమెరికాలో 210 మంది అల్జీమర్స్ రోగులపై జరిగిన పరీక్షలో, ప్రధానంగా పరిశీలించిన మోతాదు వల్ల ఆశించిన మేలు కనబడలేదు. పాషాణం గెలుపును సంప్రదాయం ఖాతాలో వేసేవారు ఈ ఓటమిని కూడా అదే ఖాతాలో రాయాలని నేను కోరుతున్నాను.