బెంగళూరులో కారు కొన్నాను, ఓటీపీ రావట్లేదు, ఎవరైనా అర్జెంటుగా చెప్పండి

కిన్నెరసాని88 (శనివారం, రాత్రి 10:40)
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఇదే పని. యశ్వంతపూర్ దగ్గర లాడ్జిలో కూర్చున్నా. కారు కింద పార్కింగ్‌లో ఉంది, తాళాలు నా చేతిలో ఉన్నాయి, డబ్బులు మొత్తం ఇచ్చేశాను. పరివాహన్ అనే ప్రభుత్వ సైట్‌లో ఎన్ఓసీకి (అభ్యంతరం లేదని ఆర్టీవో ఆఫీసు ఇచ్చే కాగితం) అప్లై చేద్దామంటే బండి నంబరు, ఛాసిస్ (బండి చట్రం) నంబరు చివరి ఐదంకెలు కొట్టాక ఓటీపీ పంపామంటుంది. రాదు. సిమ్ మార్చాను, బ్రౌజరు మార్చాను, పక్క రూమాయన లాప్‌టాప్ అడిగి మరీ చూశాను. 16 సార్లు కొట్టాను. రేపు పొద్దున్నే ఖమ్మం బయలుదేరాలి, సోమవారం డ్యూటీ ఉంది. ఎన్ఓసీ లేకుండా బండి రాష్ట్రం దాటించొచ్చా? బోర్డర్‌లో ఆపుతారా? టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు.

గేర్‌బాక్స్ (10:46)
ఓటీపీ ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ కాగితం) ఉన్న ఓనరు ఫోనుకి వెళ్తుంది. మీకు రాదు.

కిన్నెరసాని88 (10:48)
ఇప్పుడు ఓనరు నేనే కదా అన్నా. మొత్తం కట్టేశాను.

గేర్‌బాక్స్ (10:49)
ఆర్‌సీలో పేరు మారిందా?

కిన్నెరసాని88 (10:49)
లేదు.

గేర్‌బాక్స్ (10:50)
మరి?

హైవే44 (10:58)
తమ్ముడూ, ఎన్ఓసీ తర్వాత సంగతి, ముందు ఫాస్టాగ్ చూసుకో. అందరూ దీన్ని మర్చిపోతారు. అద్దం మీదున్న స్టిక్కరు పాత ఓనరుది. ఆయన ఈ రాత్రి దాన్ని క్లోజ్ చేశాడనుకో, పొద్దున్నే బాగేపల్లి టోల్ దగ్గర గేటు లేవదు. నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు. 2025 నవంబరు 15 నుంచి ఇదే రూలు. నీ దారిలో ఒక్క టోలా? మరూరు, కాసేపల్లి, అమకతాడు, పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ వరసగా తగులుతాయి. హైదరాబాద్ దాకానే సుమారు 570 కిలోమీటర్లు, ఆ తర్వాత ఖమ్మం రోడ్డు వేరు. పాత ట్యాగ్ మీదే వెళ్ళాలంటే ఓనరుతో మాట్లాడి అందులో డబ్బులు వేయించు. వాళ్ళ డబ్బుతో ప్రయాణం చేసి తర్వాత గొడవ పడకు. నేను ఒకసారి పడ్డాను.

కిన్నెరసాని88 (11:01)
అన్నా, నేను అడిగింది ఓటీపీ.

హైవే44 (11:02)
టోల్ దగ్గర ఆగినప్పుడు గుర్తొస్తానులే.

ఫారం30 (11:15)
బాబూ, నేను ఆర్టీఏ ఆఫీసులో పని చేసి రిటైరయ్యాను. ముందు అన్నం తినండి.

బండి రాష్ట్రం దాటడానికి ఎన్ఓసీ అక్కర్లేదు. కర్ణాటక బండ్లు రోజూ హైదరాబాద్ వస్తున్నాయి, పోతున్నాయి. ఆపితే అడిగేవి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, మీ లైసెన్సు. బండి మీ పేరున లేదు కాబట్టి, అమ్మినవాళ్ళు తేదీతో పాటు టైము కూడా రాసి సంతకం పెట్టిన డెలివరీ కాగితం దగ్గరుంచుకోండి. నిన్నటి చలానా ఎవరిది, రేపటి చలానా ఎవరిది అన్నది ఆ టైముతోనే తేలుతుంది.

ఎన్ఓసీ కావాల్సింది ఖమ్మంలో మీ పేరున నమోదు చేయించుకోవడానికి. అది ఫారం 28. దాని మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర తీయాలి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది, చిన్నప్పుడు రూపాయి బిళ్ళకి చేసినట్టే. బండి ఇంటికెళ్ళాక గుర్తొస్తే ఆ ముద్ర కాగితం పట్టుకుని మళ్ళీ బెంగళూరు తిరగాలి. రెండు మూడు ఇప్పుడే తీసి పెట్టుకోండి. అమ్మకానికి ఫారం 29, 30 ఉంటాయి, వాటి మీద అమ్మినవారి సంతకాలు కావాలి.

ఇన్సూరెన్సు గురించి ఒక మాట. పాలసీ పాత ఓనరు పేరున ఉన్నా, రోడ్డు మీద ఎదుటివాళ్ళకి ఏమైనా జరిగితే థర్డ్ పార్టీ భాగం కొన్నవారికి బదిలీ అయినట్టే లెక్క, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157. సొంత బండికి సొట్ట పడితే మాత్రం ఆ లెక్క చెల్లదు. 1996లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. పాలసీ మీ పేరున మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుదే, మీకు రాదు. కాబట్టి రేపు మెల్లిగా నడపండి.

మధిరమిర్చి (11:24)
ఎన్ఓసీ గొడవంతా ఎందుకు? సీసీ చాలు. మా బావమరిది 2012లో గుంటూరు నుంచి ఖమ్మానికి సీసీ మీదే తెచ్చుకున్నాడు. రెండు రోజుల్లో పని అయిపోయింది.

ఫారం30 (11:29)
అమ్మా, 2012లో గుంటూరు, ఖమ్మం ఒకే రాష్ట్రం. సీసీ అంటే క్లియరెన్స్ సర్టిఫికెట్, ఒక ఆఫీసు పరిధి నుంచి ఇంకో ఆఫీసు పరిధికి, రాష్ట్రం లోపల. రాష్ట్రం మారితే ఎన్ఓసీ. ఇప్పుడు గుంటూరు నుంచి తెచ్చినా ఎన్ఓసీయే.

మధిరమిర్చి (11:31)
రెండూ ఒకటేనండీ, పేరు తేడా.

ఫారం30 (11:33)
ఒకటి కాదు. కౌంటరు దగ్గర ఒకటి అడిగి రెండోది పట్టుకొచ్చినవాళ్ళని వందల మందిని చూశాను.

హోసూరుతెలుగోడు (11:40)
అన్నా, అసలు నంబరు మార్చే పనేంటి? ఏడాది దాకా కేఏ ప్లేటు మీద తిరగొచ్చు. నేను టీఎస్ బండి హోసూర్లో పది నెలలు తిప్పాను.

గేర్‌బాక్స్ (11:42)
మీరు కొన్నారా, మీ బండే తిప్పారా?

హోసూరుతెలుగోడు (11:43)
నా బండే.

ఫారం30 (11:51)
అక్కడే ఉంది తేడా. 12 నెలలు అన్నది సెక్షన్ 47లోది, మీ సొంత బండి వేరే రాష్ట్రంలో పెట్టుకుంటే కొత్త నంబరు తీసుకోవడానికి. ఇక్కడ ఓనరే మారాడు. కొన్నవాడు 30 రోజుల్లో బదిలీకి పెట్టుకోవాలి. లైఫ్ ట్యాక్స్ ఇంకో లెక్క, అది ఏ రాష్ట్రం చట్టం ప్రకారం ఆ రాష్ట్రానిది. తెలంగాణలో కొత్తగా కట్టి, కర్ణాటకలో మిగిలిన కాలానికి రిఫండ్ అడగాలి. రిఫండ్ ఎప్పుడొస్తుందని మాత్రం నన్ను అడగొద్దు.

హైవే44 (11:53)
ఇప్పుడు టీఎస్ కాదు, టీజీ. 2024 మార్చి నుంచి.

హోసూరుతెలుగోడు (11:54)
నా బండి అంతకు ముందుది. దాని మీద టీఎస్ అనే ఉంది, ఏం చేయమంటారు?

గేర్‌బాక్స్ (11:58)
కిన్నెరసాని, ఆర్‌సీలో ఉన్న పేరూ, మీరు డబ్బులిచ్చిన మనిషి పేరూ ఒకటేనా?

కిన్నెరసాని88 (ఆదివారం, 12:09)
కాదు. ఆర్‌సీలో ఎవరో మేడమ్ పేరుంది. నాకు అమ్మింది ఏజెంటు. ఆయన ఆమె దగ్గర కొన్నాడట. ఇది అందరికీ తెలిసిందే కదా, సెకండ్ హ్యాండ్ అంటే ఇలాగే కదా అని రాయలేదు. ఆయన ఫోను సాయంత్రం నుంచి స్విచాఫ్. ఫారాలు ఇచ్చాడు, సంతకాలున్నాయి, మిగతావి ఖాళీ. ఇంకోటి, ఆర్‌సీలో బ్యాంకు పేరు కూడా ఉంది గానీ లోను తీరిపోయిందన్నాడు.

గేర్‌బాక్స్ (12:10)
ఈ మాట పదకొండింటికి ముందు రాయాల్సింది.

ఫారం30 (12:22)
అయ్యో బాబూ. గంట నుంచి సెక్షన్లు చెబుతున్నాను.

16 సార్లు ఓటీపీ ఆ మేడమ్ ఫోనుకి వెళ్ళి ఉంటుంది. ఆమె ఏదో సైబర్ మోసం అనుకుని ఉంటారు పాపం. ఇన్సూరెన్సు పాలసీ మీదో, సర్వీసు బిల్లు మీదో ఆమె నంబరు ఉంటుంది, వెతకండి. పొద్దున్నే మర్యాదగా ఫోన్ చేసి, కుదిరితే నేరుగా కలవండి. ఖాళీ ఫారాల మీద సంతకం ఆమెదో కాదో ఆమెనే అడగండి. 29, 30 ఆమె నుంచి నేరుగా మీ పేరుకి రాయించుకోండి, మధ్యలో ఏజెంటు ఉండక్కర్లేదు. ఇలాంటి వ్యాపారులు అధికారికంగా నమోదు చేసుకోవాలని, బండి తీసుకోగానే ఆర్టీవోకి తెలపాలని 2023 ఏప్రిల్ నుంచి రూలుంది. అలా చేసి ఉంటే ఎన్ఓసీకి ఆయనే పెట్టేవాడు.

లోను తీరడం వేరు, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించడం వేరు. ఫారం 35 మీద బ్యాంకు సంతకం, బ్యాంకు లెటరు కావాలి. అవి లేకుండా ఎన్ఓసీ కదలదు. ఆదివారం బ్యాంకు ఉండదు. నా మాట వింటే ఒక రోజు సెలవు పెట్టండి.

మధిరమిర్చి (12:25)
ఢిల్లీ బండ్లయితే ఇంకా చవక అంటున్నారు, నిజమేనా?

గేర్‌బాక్స్ (12:26)
వేరే పోస్టు పెట్టండి.

కిన్నెరసాని88 (ఆదివారం, సాయంత్రం 4:35)
మేడమ్ దొరికారు. పాలసీ మీద నంబరుంది. నిజంగానే మోసమనుకుని రాత్రి ఫోను కట్టేశారట. ఓటీపీ చెప్పారు, ఫారాల మీద మళ్ళీ సంతకాలు పెట్టారు, కాఫీ కూడా ఇచ్చారు. బ్యాంకు లెటరు కొరియర్ చేస్తామన్నారు. సెలవు దొరకలేదు, బయలుదేరాను. ఇప్పుడు అనంతపురం దగ్గర టీ తాగుతున్నా. అందరికీ థాంక్స్.

ఫారం30 (5:02)
ఫారం 35 సంగతి? పెన్సిల్ ముద్ర తీశారా?

హైవే44 (5:10)
బాగేపల్లి దగ్గర ఎంత కట్టావు తమ్ముడూ?

హైవే44 (మంగళవారం, రాత్రి 9:15)
చెప్పలేదు.