విశాఖ–బయ్యవరం లారీలకు హైడ్రోజన్ దేనికి? బ్యాటరీ చాలదా?

కొండగాలి:
2025 మార్చిలో కేంద్రం ప్రకటించిన హైడ్రోజన్ పైలట్ ప్రాజెక్టుల్లో 37 బస్సులు, లారీలు, 9 బంకులు ఉన్నాయి. ఆ రూట్లలో మన 16వ నంబరు హైవే మీది విశాఖ–బయ్యవరం ఒకటి. అనకాపల్లి దాటాక వచ్చే ఊరది. రానూపోనూ వంద కిలోమీటర్లు వేసుకుందాం. ఈ మాత్రం దూరానికి హైడ్రోజన్ దండగ అని నా వాదన.

లోడుతో ఉన్న ట్రైలర్ కిలోమీటరుకు 1.3 యూనిట్లు తాగుతుందనుకుంటే వందకు 130. ఛార్జర్‌లో, బ్యాటరీలో పోయేది కలిపితే మీటరు మీద 150. హైడ్రోజన్ సంగతి చూడండి. కిలో తయారీకి, కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ 50–55 యూనిట్లు లాగుతుంది. సిలిండర్లో పట్టేలా 350 బార్‌కు, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 350 రెట్లకు నొక్కడానికి ఇంకో మూడు. ఇంతా చేస్తే కిలోలో ఉండేది 33 యూనిట్లు, దాన్ని కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ దాటి మోటారుకు చేరేది అందులో సగం. వంద కిలోమీటర్లకు 8 కిలోలు కావాలి, మీటరు మీద 450 యూనిట్లు. అదే కరెంటుతో మూడు బ్యాటరీ లారీలు తిరుగుతాయి. పైగా ఆ 37 బండ్లలో 22 హైడ్రోజన్‌ను ఇంజన్‌లో మండించేవి. వాటికి ఇంకా ఎక్కువ గ్యాస్ కావాలి, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్ల కాలుష్యం బెడద కూడా పోదు.

ఎన్‌హెచ్‌పదహారు:
కొండగాలి గారూ, చిన్న రూటులో పరీక్షించేది బండినీ బంకునూ. అసలు పోటీ విశాఖ–విజయవాడ, 350 కిలోమీటర్లు. మీ లెక్కనే 455 యూనిట్లు. బ్యాటరీని అడుగంటా వాడలేం కాబట్టి 530 యూనిట్ల ప్యాక్ పెట్టాలి. కిలోకు 150 వాట్ అవర్ల చొప్పున అది మూడున్నర టన్నులు. డీజిల్ ఇంజనూ గేర్‌బాక్సూ తీసేస్తే టన్ను పైచిలుకు కలిసొస్తుంది, మిగతా రెండు టన్నులు సరుకులో కోసుకోవాల్సిందే. సిమెంటు, ఇనుము మోసేవాడికి కిరాయి టన్నుల లెక్కన వస్తుంది. హైడ్రోజన్ 28 కిలోలు చాలు, సిలిండర్లతో కలిపి అరటన్ను పైన. నింపడానికి పావుగంట.

ఇంజన్ బండ్ల గురించి ఒక మాట. ఫ్యూయల్ సెల్‌కు 99.97 శాతం శుద్ధమైన గ్యాస్ కావాలి, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 0.2 వంతు దాటితే సెల్ లోపలి ప్లాటినం దెబ్బతింటుంది. ఇంజన్‌కు అంత పట్టింపు లేదు. మన మెకానిక్‌లకు తెలిసిన యంత్రం కూడా.

సబ్‌స్టేషన్:
530 ప్యాక్ దేనికండీ? 350 పెట్టి రాజమండ్రి దగ్గర ఆపండి. విశాఖ నుంచి 190 కిలోమీటర్లకు 250 యూనిట్లు ఖర్చు, ఇంకా వంద మిగులుతుంది. 240 కిలోవాట్ల ఛార్జర్ మీద 40 నిమిషాలుంటే 160 ఎక్కుతుంది, విజయవాడ చేరాక కూడా చేతిలో కొంత ఉంటుంది. బ్యాటరీ 80 శాతం నిండాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, ఇక్కడ అంత దాటే పని లేదు కాబట్టి వేగం పడిపోదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం ఐదు గంటల పని తర్వాత డ్రైవర్‌కు అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. ఆ భోజనం వేళలోనే ఛార్జింగ్ దాదాపు అయిపోతుంది.

ఎన్‌హెచ్‌పదహారు:
పది లారీలు ఒకేసారి వస్తే? 2.4 మెగావాట్లు. అంత లైను రాజమండ్రి శివార్లలో ఎవరు వేస్తారు?

సబ్‌స్టేషన్:
మీ పది లారీలకు 280 కిలోలు కావాలి, 15,400 యూనిట్లు. పగలు ఆరు గంటల సోలార్‌తోనే చేస్తే ఎలక్ట్రోలైజర్‌కూ రెండున్నర మెగావాట్ల లైను కావాల్సిందే. 24 గంటలూ నడిపితే 650 కిలోవాట్లు చాలు, ఒప్పుకుంటాను. కానీ గ్రిడ్‌లో రాత్రి కరెంటు చాలావరకు బొగ్గుదే, ఆ గ్యాస్‌ను గ్రీన్ అనలేం.

నట్టుబోల్టు:
ఇద్దరూ బంకు ఆగిపోయే రోజులు లెక్కలో వేయలేదు. హైడ్రోజన్ బంకులో తరచూ మొరాయించేది గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్. అందులోని పలుచని రేకు (డయాఫ్రమ్) చిట్లితే, సీల్ పోతే బంకంతా మూతే, కాబట్టి రెండోది సిద్ధంగా ఉండాలి. 700 బార్ బంకుల్లో గ్యాస్‌ను మైనస్ 40 డిగ్రీలకు చల్లబరుస్తారు. మన సముద్రపు తేమలో నాజిల్ మీద మంచు పట్టి బండికి అతుక్కుపోతుంది. లారీలకు 350 బారే మేలు. 2019లో నార్వేలో ఒక బంకు పేలింది. హై ప్రెషర్ ట్యాంకు ప్లగ్ బోల్టులు సరిగా బిగించకపోవడమే మూలం. బోల్టును ఎంత బలంతో బిగించారో (టార్క్) రాసి, ఇద్దరు సంతకం చేసే పద్ధతి ఉండాలి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. మంట పగలు కంటికి ఆనదు. ఈ గ్యాస్ తేలిక, పైకి పోతుంది కాబట్టి సెన్సర్లు పైకప్పు కింద, అన్నిటికన్నా ఎత్తున పెట్టాలి.

బ్యాటరీ వైపు: ఉప్పు గాలికి కనెక్టర్లు పాడై, వాన పడ్డప్పుడు ఇన్సులేషన్ ఫాల్ట్ చూపించి బండి కదలదు. కూలెంట్ పంపు పోతే మే నెలలో ఛార్జింగ్ వేగం సగానికి పడుతుంది. ఇవి ఒక్క బండినే ఆపుతాయి, బంకును కాదు. నాకు తేడా అక్కడ కనిపిస్తుంది.

కొండగాలి:
ఫ్రాన్స్‌లో మాంట్‌పెల్లియే నగరం 2022లో 51 హైడ్రోజన్ బస్సుల ఆలోచన మానుకుని బ్యాటరీకి మళ్లింది. కారణం కిలోమీటరు ఖర్చే.

మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది కదా, పక్కనే దొరుకుతుంది కదా అంటారు. ఎరువులకూ మిథనాల్‌కూ ఆ గ్యాసే ముడిసరుకు, దాని బదులు కరెంటు వైరు లాగి పని కానివ్వలేం. లారీకైతే ఆ వైరు ఉంది.

ఎన్‌హెచ్‌పదహారు:
గనుల దారుల్లో ఆ వైరు ఉండదండీ, నా మాట అక్కడ నిలబడుతుంది. బయ్యవరం విషయంలో మాత్రం ఒకటే అడుగుతాను. కంప్రెసర్‌కు వేరే మీటరు పెట్టి, టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి ఎన్ని యూనిట్లయిందో, బంకు ఎన్ని రోజులు మూతబడిందో నెలనెలా బయటపెట్టాలి. అదే రూటులో ఒక బ్యాటరీ లారీని కూడా అదే లోడుతో తిప్పాలి.